కంచం ముందు పెడితే తీరిపోయే బాధ్యత కాదు

మతిమరుపు జబ్బు బారిన పడిన వృద్ధుల భోజనం విషయంలో దిగువ కృష్ణా డెల్టాలో ఒక అభిప్రాయం బలంగా వేళ్లూనుకుంది. మచిలీపట్నం వీధుల్లోనైనా, గుడివాడ చుట్టుపక్కల మాగాణి ఊళ్లలోనైనా, దివిసీమ లంకల్లోనైనా అదే మాట వినిపిస్తుంది: "వేళకు పెడుతూనే ఉన్నాం, తినకపోతే మేమేం చేస్తాం?" వండి, వడ్డించి, కంచం ముందు పెట్టడంతో ఇంటివాళ్ల బాధ్యత తీరిందని, ఆపైన తినడమా మానడమా అన్నది ఆ పెద్దమనిషి వయసును బట్టో, మొండితనాన్ని బట్టో ఉంటుందని ఆ మాట సారాంశం. ప్రేమ లేక ఇలా అనేవాళ్లు తక్కువ. చాలామంది నిస్సహాయతతోనే అంటారు. అయినా ఈ అభిప్రాయం తప్పు. దీన్ని నమ్మిన ఇళ్లలో బియ్యానికి, కూరకు లోటు లేకుండానే వృద్ధులు చిక్కి శల్యమవుతారు. కాబట్టి దీన్ని ఒక్కో ఆధారం వారీగా పరిశీలించి ఖండించడం అవసరం.

వయసు చేసే పని కాదు

"వయసైతే ఇంతే, జ్ఞాపకమూ పోతుంది, తిండీ తగ్గుతుంది" అన్నది ఈ అభిప్రాయానికి మొదటి ఆధారం. కానీ మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, వయసుతో అందరికీ వచ్చే మార్పు కాదు, మెదడుకు వచ్చే జబ్బు. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో వివరించిన జబ్బు, ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్నది, డిమెన్షియా రకాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మెదడులో రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేది మరొక రకం. షుగరు, బీపీ దీర్ఘకాలం అదుపు తప్పినవారికి దీని ముప్పు ఎక్కువ. దేశమంతటా జరిగిన లాసీ-డాడ్ సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పట్నాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో, చదువుకున్నవారి కంటే చదువు లేనివారిలో ఇది ఎక్కువ. ఈ అంకెనే రెండో వైపు నుంచి చూస్తే, 60 దాటిన వందమందిలో 92 మందికి పైగా ఈ జబ్బు లేకుండానే ఉన్నారు. అంతమందికి రానిదాన్ని వయసు సహజమని సరిపెట్టుకోవడం కుదరదు.

బరువు తగ్గడం కూడా సహజం కాదు. అల్జీమర్స్ ఉన్న కొందరిలో మతిమరుపు బయటపడక ముందే బరువు తగ్గడం మొదలవుతుంది. ఆరు నెలల్లో ఒంటి బరువులో 5 శాతం పైగా తగ్గితే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు కోల్పోతే, వైద్యులు దాన్ని పోషణ లోపానికి గుర్తుగా తీసుకుంటారు. కండ కరిగితే నడక తడబడుతుంది, కిందపడితే ఎముక విరుగుతుంది, మంచాన పడితే పుండ్లు పడతాయి, జ్వరాలు తరచుగా వస్తాయి. జాకెట్టు వదులైనప్పుడు, చేతి గాజులు మోచేతి దాకా జారినప్పుడు "ముసలితనం కదా" అని ఊరుకునే ఇంట్లో ఈ వరస మొత్తం ఎవరి కంటా పడకుండా సాగిపోతుంది.

మొండితనం అనే నింద

తినకపోవడం మొండితనమన్నది రెండో ఆధారం. భోజనం చేయడం ఆరోగ్యవంతులకు ఆలోచన అక్కర్లేని పని కాబట్టి ఇలా అనిపిస్తుంది. నిజానికి అందులో చాలా మెట్లు ఉన్నాయి. ఆకలిని ఆకలిగా పోల్చుకోవాలి. ఎదుట ఉన్నది తినే వస్తువని గుర్తించాలి. పప్పును అన్నంలో కలపాలని, ముద్ద చేయాలని, నోటిదాకా తీసుకెళ్లాలని, నమలాలని, మింగాలని మెదడు ఒకదాని తరవాత ఒకటిగా చెప్పాలి. ఈ మెట్లలో ఏదైనా విడిగా దెబ్బతినవచ్చు. మొదటి మెట్టు పోయినవారు పూటంతా గడిచినా అన్నం అడగరు. రెండోది పోయినవారు కంచంకేసి చూస్తూ కూర్చుంటారు. మధ్య మెట్టు పోయినవారు గ్లాసు నీళ్లు అన్నంలో పోసుకుంటారు. చివరి మెట్టు పోయినవారు ముద్దను బుగ్గలో పెట్టుకుని మింగకుండా ఉండిపోతారు. వీటిలో ఏ ఒక్కటీ పంతం కాదు. ఎక్కడ ఆగిందో కనిపెట్టి అక్కడ చేయూతనిస్తే మిగిలిన మెట్లు చాలాసార్లు వాటంతటవే కదులుతాయి. మొదటి ముద్ద కలిపి చేతిలో పెడితే రెండో ముద్ద నుంచి తామే తినేవారు ఉన్నారు.

పొలం పనుల కాలంలో ఈ నింద మరీ అన్యాయమవుతుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు, రొయ్యల చెరువుల పని ఉన్నప్పుడు ఇంటిల్లిపాదీ పొద్దున్నే వెళ్లిపోతారు. పెద్దావిడ కోసం అన్నం హాట్‌బాక్సులోనో, మూత పెట్టిన గిన్నెలోనో ఉంచుతారు. సాయంత్రం వచ్చి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. "అంత దగ్గర పెట్టినా తినలేదు" అంటారు. కంటికి కనపడనిది ఈ జబ్బున్నవారి దృష్టిలో లేనట్టే. మూత కింద అన్నం ఉందని గుర్తుండాలంటే పనిచేయాల్సింది పోయిన ఆ జ్ఞాపకశక్తే.

ఇక తిన్న అరగంటకే "నాకింకా అన్నం పెట్టలేదు" అనడం. డెల్టా ఊళ్లలో ఎన్నో కాపురాల్లో చిచ్చుపెట్టిన మాట ఇది. ఇరుగుపొరుగు విని కోడలు పస్తులు పెడుతోందని నమ్ముతారు, ఆమె పరువు బజారున పడుతుంది. ఆమె కోపంతో "ఇప్పుడేగా తిన్నారు" అని నలుగురి ముందూ నిలదీస్తుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పరిశోధకుడు పాల్ రోజిన్, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కొత్త జ్ఞాపకాలు ఏర్పడని ఇద్దరు రోగులకు భోజనమైన కొద్ది నిమిషాలకే మరో భోజనం పెడితే దాన్నీ తిన్నారు. చాలాసార్లు మూడోదీ మొదలుపెట్టారు. కడుపు నిండిందని తెలియడంలో తిన్న సంగతి గుర్తుండటానికి కూడా వాటా ఉందని దీనివల్ల తేలింది. ఆ గుర్తు లేని మనిషితో వాదిస్తే మిగిలేది అవమానమే. రోజు మొత్తం తిండిని ఐదారు చిన్న పూటలుగా విడదీయాలి. అడిగినప్పుడు అరటిపండు ముక్కో, గ్లాసెడు మజ్జిగో చేతికివ్వాలి. తిన్న కంచాన్ని కాసేపు ఎదుటే ఉంచాలి. ఇరుగుపొరుగు చేయాల్సిన సాయం కూడా ఉంది: ఆ మాట జబ్బు అనిపిస్తున్నదని తెలుసుకుని కోడలిని నిందించడం మానాలి.

అన్నం మూటగట్టి దిండు కింద దాచుకునేవారిని చూసి నవ్వడమో, కసరడమో కూడా ఇలాంటిదే. పాత జ్ఞాపకాలు కొత్తవాటి కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది పోయారు. ధాన్యం, గొడ్డూగోదా, తాగే నీరు కూడా పోయాయి. అప్పటికి ఇరవై ఏళ్లున్నవారు ఇప్పుడు డెబ్బైకి అటూఇటూగా ఉన్నారు. తిండి దొరకని రోజులు చూసిన తరం తిండి దాచుకుంటే, దానికి కారణం వాళ్లు బతికిన బతుకులోనే ఉండవచ్చు. చెడిపోయినదాన్ని కంటపడకుండా తీసేసి, పాడవని చిరుతిండి చిన్న డబ్బాలో అందుబాటులో ఉంచితే తగువు ఉండదు.

ఉన్నట్టుండి తిండి మానేయడం మాత్రం వేరే సంగతి. ఒకటి రెండు రోజుల్లోనే మార్పు వస్తే పంటి నొప్పి, నోటిపూత, మలబద్ధకం, మూత్రంలో చీము, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం వంటివి కారణం కావచ్చు. డిమెన్షియాకు ఇచ్చే డోనెపెజిల్, షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ కూడా కొందరిలో ఆకలిని చంపుతాయి. నోరు తెరిచి "ఇక్కడ నొప్పి" అని చెప్పలేని మనిషి నోరు మూసుకుని చెప్తాడు. మొండితనమని ముద్ర వేసిన ఇంట్లో ఆ నొప్పిని ఎవరూ వెతకరు.

చిన్నపిల్లలతో పోలిక

"పెద్దవాళ్లు చిన్నపిల్లలతో సమానం" అన్న మాటలో దయ ఉంది, పొరపాటూ ఉంది. పసివాడికి రుచులు కొత్త, పని కొత్త, నేర్చుకునే శక్తి రోజురోజుకూ పెరుగుతుంది. వృద్ధురాలికి డెబ్బై ఏళ్ల రుచి ఉంది, ఇష్టాయిష్టాలు ఉన్నాయి, నియమాలు ఉన్నాయి, నలుగురిలో కూర్చుని తిన్న మర్యాద ఉంది. పోయేది చేసే నేర్పు; మనిషి మాత్రం ఆ మనిషే. పసివాడనుకున్నందువల్లే ముక్కు మూసి నోట్లో కుక్కడం, "తినకపోతే ఇంజెక్షను వేయిస్తా" అని బెదిరించడం, మెడకు గుడ్డ కట్టి వచ్చినవారి ముందు కూర్చోబెట్టడం జరుగుతున్నాయి. ఇవి ఆకలిని పెంచవు, భోజనమంటేనే భయం పుట్టిస్తాయి.

జీవితమంతా మాంసం ముట్టని వ్యక్తికి బలం పేరుతో గుడ్డు కలిపి పెట్టడం మోసం. ఆ మనిషికి తెలియకపోవచ్చు, తెలియనితనాన్ని వాడుకోవడమే అందులోని తప్పు. పెరుగు, పాలు, ముద్దపప్పు, నెయ్యి, సున్నుండలు ఉన్న ప్రాంతంలో ఆ మోసం అవసరం కూడా లేదు. శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు పాటించాలన్న అలవాటు చాలామందిలో జ్ఞాపకం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. "నీకు మతి లేదు, ఉపవాసమేంటి" అని కొట్టిపారేయకుండా పాలు, పండ్లు, అటుకులు వంటివి నియమానికి భంగం లేకుండా అందించవచ్చు. షుగరు మాత్రలు వేసుకునేవారి ఉపవాసం గురించి ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

పథ్యం పేరుతో పస్తు

తిండి తగ్గడాన్ని మంచిదేనని సమర్థించే వాదన మరొకటి ఉంది: "షుగరు ఉంది, బీపీ ఉంది, తక్కువ తింటేనే మేలు." నడివయసులో ఈ జాగ్రత్త సరైనదే. ఆ వయసులో షుగరును, బీపీని అదుపులో పెట్టుకుంటే డిమెన్షియా ముప్పే తగ్గుతుంది. జబ్బు వచ్చి బరువు తగ్గుతున్న వృద్ధుల విషయంలో లెక్క తిరగబడుతుంది. యూరప్ పోషకాహార వైద్యుల సంఘం ఎస్పెన్ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు డిమెన్షియా ఉన్నవారికి కఠినమైన ఆహార నిషేధాలు వద్దన్నాయి. మతిమరుపు, ఇతర జబ్బులు కలిసి ఉన్న వృద్ధులకు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 8 శాతం లోపు ఉంటే చాలని, షుగరు పడిపోకుండా చూడటమే ముఖ్యమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది.

కారణం సూటిగా ఉంటుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మందులు తిన్నారా లేదా అని చూడకుండా షుగరును దించేస్తాయి. మాత్ర వేసుకుని అన్నం మరిచిపోయినా, మాత్ర వేసుకున్న సంగతే మరిచి రెండోసారి వేసుకున్నా షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. అప్పుడు వచ్చే మగత, చెమట, తికమక మాటలు చూసి జబ్బు ముదిరిందనుకుంటారు. మాత్రలు ఇంట్లో ఒకరి చేతిలోనే ఉండాలి, అన్నం మొదలయ్యాకే ఇవ్వాల్సినవి ఏవో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. తిండి తగ్గితే మందు మోతాదు తగ్గించాలేమో అడగాలి. అన్నాన్ని తగ్గించి మందును అలాగే ఉంచడం ప్రాణం మీదికి తెస్తుంది.

రుచి విషయంలోనూ పథ్యం ఎదురు తిరుగుతుంది. అల్జీమర్స్, పార్కిన్సన్స్ జబ్బుల్లో వాసన పట్టే శక్తి తొలినాళ్లలోనే తగ్గుతుంది. వాసన తెలియని నోటికి ఉప్పూకారం లేని చప్పిడి కూర గడ్డి పరకలా ఉంటుంది. ఉప్పు పెంచనక్కర్లేదు. ఇంగువ తాలింపు, నిమ్మరసం, చింతపండు పులుపు, కరివేపాకు, వెల్లుల్లి ఉన్నాయి. వడ్డించే ముందు పక్కగదిలో తాలింపు పడితే ఆ చప్పుడూ ఘాటూ అన్నం వేళ అయిందని చెప్తాయి. ఆవకాయ ముక్కను పూర్తిగా నిషేధించడం కంటే, వేలి కొనతో ముద్దకు అద్ది పెట్టడం మేలు. ఈ జబ్బులో చాలామందికి తీపి మీద కోరిక పెరుగుతుంది. భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు పుట్టిన మచిలీపట్నంలో, ఆ లడ్డు రుచితో పెరిగిన మనిషికి భోజనం చివర చిన్న ముక్క ఇవ్వడం పాపమేమీ కాదు. ఆ ముక్క కోసం అన్నం పూర్తి చేసేవారున్నారు.

కంచం, ఆకు, వరస

ఆహారం ఎంత మంచిదైనా అది ఎలా కనిపిస్తుందన్నది ఈ జబ్బులో చాలా ముఖ్యం. రంగుల మధ్య తేడా పట్టే చూపు తగ్గుతుంది. బోస్టన్ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ముదిరిన అల్జీమర్స్ ఉన్న తొమ్మిది మందికి తెల్ల పళ్లేలకు బదులు ముదురు ఎరుపు పళ్లేలు, గ్లాసులు ఇచ్చినప్పుడు వారు తిన్న ఆహారం 25 శాతం, తాగిన ద్రవాలు 84 శాతం పెరిగాయి. చిన్న అధ్యయనమే అయినా దాని తర్కం ప్రతి వంటింటికీ పనికొస్తుంది. తెల్ల పింగాణీ పళ్లెంలో పెరుగన్నం పెడితే అందులో అన్నం ఉందనే తెలియదు. మెరిసే స్టీలు కంచంలో ట్యూబులైటు వెలుగు కంట్లో పడుతుంది. అడుగున పువ్వులు అచ్చేసిన పళ్లెంలో ఆ పువ్వులనే ఏరబోతారు. డెల్టాలో ప్రతి ఊళ్లో దొరికే అరిటాకు మీద తెల్లన్నం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చెప్పనక్కర్లేదు. చారు కారిపోకుండా అంచున్న పళ్లెంలో ఆకు ముక్క పరిస్తే సరిపోతుంది.

అరిటాకు తరవాత, చేత్తో తినడం మనకున్న రెండో ఆస్తి. చెంచా పట్టడం రానివారికి చేత్తో తినదగ్గ పదార్థాలు ఇవ్వమని పాశ్చాత్య దేశాల్లో సలహా ఇస్తారు. తెలుగువారికి అది పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎన్నో దశాబ్దాలుగా చేతికి అబ్బిన పని ఊళ్లూ పేర్లూ మరిచిన తరవాత కూడా కొంతకాలం మిగులుతుంది. అన్నం వేడి, మెత్తదనం వేళ్లకు తగలడమే తినమని గుర్తు చేయడం. బట్టలు పాడవుతాయని ఆ చేతిని ఒళ్లో పెట్టించి చెంచాతో పెట్టడం, మిగిలి ఉన్న ఒక్క నేర్పునూ తీసేయడమే. చేయి వణికితే పెట్టేవారు ఆ చేతి కింద తమ చేయి ఉంచి నోటిదాకా నడిపించాలి. చేయి పూర్తిగా ఆగిపోయిన రోజున ముద్ద కలిపి పెట్టాలి.

వడ్డన వరస మూడోది. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు ఒకదాని తరవాత ఒకటి రావడం విందు భోజనాల పద్ధతి. ఇప్పుడు పని తొందరలో అన్నీ ఒకేసారి కంచంలో వేసి ఇస్తున్నారు. ఏది ముందో తేల్చుకోలేని మనిషి ఏదీ ముట్టుకోడు. ఒక్కొక్కటే పెట్టి, అయ్యాక తరవాతిది పెడితే ఆ చిక్కు ఉండదు. టీవీ కట్టేయాలి, ఫోను పక్కన పెట్టాలి. వెలుతురు బాగుండాలి. సాయంత్రమయ్యేసరికి అలజడి పెరిగేవారికి పెద్ద భోజనం మధ్యాహ్నమే పెట్టడం మంచిది. అన్నిటికంటే ముఖ్యంగా ఎదురుగా ఎవరైనా కూర్చుని తినాలి. ఎదుటి మనిషి ముద్ద తీసుకోవడం చూసి తామూ తీసుకుంటారు. శుభ్రత కోసమని పెరటి గదిలో విడిగా పెట్టిన కంచానికి ఈ సాయం అందదు.

మింగడం దగ్గర జాగ్రత్త

జబ్బు ముదిరేకొద్దీ మింగడం కష్టమవుతుంది. తినేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతు నీళ్లు నిలిచినట్టు మారడం, మాటిమాటికీ జ్వరం దీని గుర్తులు. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే న్యుమోనియా ఈ జబ్బులో మరణానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. మంచం మీద వాలి ఉండగా నోట్లో పోయడం ప్రమాదం. వీపు నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉండేలా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. పెట్టేవారు నిలబడి పెడితే తల పైకెత్తాల్సి వస్తుంది, కాబట్టి కూర్చునే పెట్టాలి. ఒక ముద్ద మింగాకే రెండోది ఇవ్వాలి. భోజనం తరవాత బుగ్గల్లో ఏమైనా మిగిలిందేమో చూసి నోరు శుభ్రం చేయాలి.

ఈ దశలో పల్చటి చారులో మెతుకులు తేలే చారన్నం చూడటానికి తేలికైనా మింగడానికి కష్టం. ద్రవం ముందు జారిపోతుంది, మెతుకు వెనక మిగులుతుంది. మెత్తగా పిసికిన పప్పన్నం, గట్టి పెరుగన్నం, చిక్కటి రాగి జావ దీనికంటే సురక్షితం. చేపలు ఈ ప్రాంతపు తిండిలో ప్రధానం, వాటిని మాన్పించనక్కర్లేదు. బొచ్చె, శీలావతి కండలో సన్నటి ముళ్లు ఎక్కువ. కొరమీను, చందువ మేలు. ఏ చేపైనా పెట్టేవారు వేళ్లతో నలిపి ముల్లు లేదని చూసుకోవాలి. అన్నం, కూర, పెరుగు కలిపి మిక్సీలో ఒకే ముద్దగా రుబ్బడం చివరి మార్గం. అది తప్పనప్పుడు కూడా దేనికది విడిగా రుబ్బితే రుచి మిగులుతుంది.

సెలైను సీసా, ముక్కులో గొట్టం

తినకపోతే "ఒక బాటిల్ ఎక్కిస్తే బలం వస్తుంది" అన్నది డెల్టా పల్లెల్లో బాగా పాతుకుపోయిన నమ్మకం. అర లీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దానివల్ల అందేది 100 కేలరీల లోపే. చిన్న గిన్నెడు పెరుగన్నం అంతకంటే ఎక్కువ శక్తినిస్తుంది, మాంసకృత్తులు అదనం. వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరంలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు సెలైను అవసరమే. రోజువారీ భోజనానికి అది బదులు కాదు. ఆ సూది, ఆ గొట్టం అర్థంకాని మనిషి పీక్కుంటే చేతులు కట్టేయడం దాకా వెళ్తుంది.

పట్నం ఆసుపత్రుల్లో ఇదే నమ్మకం ముక్కు గొట్టం రూపంలో, పొట్టకు వేసే గొట్టం రూపంలో ఎదురవుతుంది. పక్షవాతం వచ్చిన తొలిరోజుల్లో, కోలుకునే అవకాశం ఉన్న జబ్బుల్లో గొట్టం ప్రాణాలు నిలుపుతుంది. డిమెన్షియా చివరి దశలో సంగతి వేరు. ఆ దశలో ఉన్న 323 మందిని 18 నెలలు గమనించి 2009లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 86 శాతం మందికి తినడంలో ఇబ్బందులు వచ్చాయి. తినలేకపోవడం జబ్బులో భాగమేనని దీని అర్థం. గొట్టం ఆయుష్షు పెంచుతుందని గానీ, న్యుమోనియాను ఆపుతుందని గానీ, పుండ్లు మాన్పుతుందని గానీ ఆధారాలు లేవు. చివరి దశలో గొట్టం వేయవద్దని, ఓపికగా చేత్తో తినిపించమని అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2014లో స్పష్టంగా చెప్పింది. అమ్మానాన్నలను ఆకలితో పంపకూడదన్న పిల్లల ఆవేదన గౌరవించదగ్గది. ఆ ఆవేదన తీరాల్సింది పక్కన కూర్చుని, వద్దన్నప్పుడు ఆపి, కావాలన్నప్పుడు రెండు ముద్దలు పెట్టడంలో. ఆ దశలో రెండు ముద్దలు తృప్తిగా తిన్నా అది భోజనమే.

ఎవరి పని?

ఇంత ఓపిక ఎవరికుంటుందన్నది చివరి అభ్యంతరం. న్యాయమైన ప్రశ్నే. ముదిరిన దశలో ఒక్క పూట తినిపించడానికి ముప్పావు గంట పట్టవచ్చు. ఆ భారం దాదాపు ప్రతి ఇంట్లో ఒకే ఆడమనిషి మీద పడుతోంది. ఆమె కోడలో, తానే అరవై దాటిన భార్యో. కన్న కొడుకులు పొలానికో, కొట్టుకో వెళ్తారు, లేదా అమెరికా నుంచి డబ్బు పంపుతారు. "వేళకు పెడుతూనే ఉన్నాం" అనే మాటలో పెట్టేది ఒక్కరే, అనేది అందరూ. ఓపిక లేదన్న వాదనకు సమాధానం ఆ పనిని పంచుకోవడం. రోజుకు ఒక పూట కొడుకు, ఒక పూట మనవడు కూర్చోవాలి. పరదేశంలో ఉన్నవారు తల్లి భోజనం వేళకు వీడియో కాల్లో పలకరిస్తూ తామూ తినవచ్చు. జీతానికి పెట్టుకున్న మనిషికి ఏం పెట్టాలో చెప్పినంత శ్రద్ధగా, ఎలా పెట్టాలో కూడా చెప్పాలి. వృద్ధాశ్రమాన్ని ఎంచుకునేటప్పుడు మెనూ చూసి సరిపెట్టుకోకుండా, భోజనం వేళకు వెళ్లి ఎంతమందికి ఒక సహాయకురాలు ఉందో చూడాలి.

ప్రభుత్వాలు కూడా పెట్టడం దగ్గరే ఆగిపోయాయి. 2024 ఆగస్టు 15న గుడివాడలో అన్న క్యాంటీన్ మళ్లీ తెరుచుకుంది; 5 రూపాయలకు భోజనం దొరుకుతోంది. అదే ఏడాది జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది, నెల మొదట్లోనే ఇంటి గుమ్మం దగ్గర చేతికందుతోంది. రెండూ మంచి పనులే, పేదరికం వల్ల కలిగే ఆకలికి అవి సమాధానం. క్యాంటీను దారి మరిచినవారికి, చేతిలోని నోటు ఎందుకో తెలియనివారికి అవి చాలవు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ అంటే తిండి, బట్ట, నీడ, వైద్యం అని అందులో ఉంది. రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్ నెలకింత ఇవ్వమని ఆదేశించగలదు. పక్కన కూర్చోమని ఆదేశించలేదు. అది ఇల్లు, ఊరు చేయాల్సిన పని.

చేయదగ్గ పని మాత్రం ఎదుటే ఉంది. అంగన్‌వాడీలో పసిపిల్లలను నెలనెలా తూచి బరువు రాసే పద్ధతి ప్రతి ఊళ్లో ఉంది. మతిమరుపు ఉన్న వృద్ధులను కూడా నెలకోసారి తూచి ఏఎన్ఎం పుస్తకంలో రాస్తే, చిక్కిపోవడం మొదటి రెండు కిలోల దగ్గరే తెలుస్తుంది. 2023లో మచిలీపట్నంలో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, ఆశా కార్యకర్తలకు, వృద్ధాశ్రమాల సిబ్బందికి తినిపించే పద్ధతి నేర్పడానికి తగిన చోటు. మానసిక భారంతో కుంగిపోతున్న సంరక్షకులకు టెలీ మానస్ 14416, వృద్ధుల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567 నంబర్లు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. వాటిని వాడుకోవడం చేతకానితనం కాదు.

"పెడుతూనే ఉన్నాం" అన్న మాటను ఇకనైనా విడిచిపెట్టాలి. ఇంట్లో మతిమరుపు ఉన్న పెద్దవారు ఉంటే ఈ వారంలోనే వారిని తూచి బరువు రాసి పెట్టండి. ఇవాళ్టి భోజనానికి టీవీ ఆపండి, గిన్నె మూత తీయండి, ఒక్కొక్కటిగా వడ్డించండి, ఎదురుగా కూర్చుని మీరూ తినండి. రేపు ఆ చోట ఇంట్లో మరొకరు కూర్చోవాలి.